కోర్టు అడగని ప్రశ్న

2021 అక్టోబర్ 2న సినీ నటులు నాగచైతన్య, సమంత ఒకే ప్రకటనను ఎవరి ఇన్‌స్టాగ్రామ్‌లో వారు పెట్టారు. భార్యాభర్తలుగా విడిపోతున్నామని, తమ మానాన తమను వదిలేయమని అందులో కోరారు. వారం తిరక్కుండానే జూబ్లీహిల్స్ నుంచి జమ్మలమడుగు దాకా ఫోన్లలో తీర్పులు మొదలయ్యాయి. ఆమెకు సంబంధాలు అంటగట్టారు, పిల్లలు వద్దందన్నారు, గర్భస్రావాలు చేయించుకుందన్నారు. తనను ఏమేం అంటున్నారో చివరికి ఆమే స్వయంగా రాసి పెట్టాల్సి వచ్చింది. ఆ నెలలోనే కొన్ని యూట్యూబ్ ఛానళ్ల మీద ఆమె కూకట్‌పల్లి కోర్టుకు వెళ్లారు. ఆ వీడియోలు తీసేయాలని కోర్టు ఆదేశించింది. అప్పటికి చూడాల్సినవాళ్లంతా చూసేశారు.

అంతమంది అడిగిన ‘ఎందుకు విడిపోయారు?’ అన్న ప్రశ్నను, పరస్పర అంగీకారంతో వచ్చే దంపతులను చట్టం అడగదు.

ఇది మామూలు విషయం కాదు. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చినప్పుడు విడాకులు కావాలంటే ఎదుటివారి తప్పు నిరూపించాలి. భర్త పరస్త్రీతో ఉంటున్నాడనో, భార్య మతం మారిందనో సాక్షులను బోనెక్కించాలి. తప్పెవరిదీ కాకపోయినా ఎవరో ఒకరి మీద రుద్దాల్సిందే. ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ పెళ్లి చేసుకున్నవారికి మాత్రం 1954 నుంచే ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే దారి ఉండేది. హిందూ వివాహాలకు ఆ దారి 1976 సవరణతో, 13బి అనే సెక్షన్ రూపంలో తెరుచుకుంది. అందులో చెప్పాల్సినవి మూడే: ఏడాదికి తక్కువ కాకుండా విడిగా ఉంటున్నాం, కలిసి బతకలేకపోతున్నాం, పెళ్లి రద్దు చేసుకోవడానికి ఇద్దరమూ ఒప్పుకున్నాం. విడిగా ఉండటమంటే వేర్వేరు ఇళ్లలో ఉండటమే కానక్కర్లేదని, ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా బతకకపోతే చాలని సుప్రీంకోర్టు 1991లో వివరించింది.

లాయర్ల ఆఫీసుల్లో దీన్ని ‘మ్యూచువల్’ అంటారు. మ్యూచువలా, ఒకరు ఎదిరించే ‘కంటెస్టా’ అన్నదే మొదట తేలాలి. మ్యూచువల్ అయితే ఇద్దరి సంతకాలతో ఒకే పిటిషన్. దానికి శుభలేఖ, పెళ్లి ఫొటో, ఆధార్ కార్డులు, ఆఖరుగా ఎక్కడ కాపురం చేశారో తెలిపే కాగితం జత చేస్తారు. పెళ్లి జరిగిన ఊరు, ఆఖరి కాపురం ఉన్న చోటు, భార్య ప్రస్తుతం ఉంటున్న చోటు వీటిలో దేన్నిబట్టయినా కోర్టును ఎంచుకోవచ్చు. అందుకే ఫిల్మ్‌నగర్ జంట కేసు పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టులోనే ఉండాలని లేదు, కూకట్‌పల్లిలోనూ ఉండొచ్చు, భీమవరంలోనూ ఉండొచ్చు. మొదటి హాజరును ఫస్ట్ మోషన్ అంటారు. ఆ తర్వాత ఆరు నెలలు ఆగి, 18 నెలలు దాటకుండా సెకండ్ మోషన్‌కు రావాలి. ఈలోపు మనసు మారితే ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. డిక్రీ వచ్చే క్షణం దాకా ఇద్దరి అంగీకారమూ నిలబడి ఉండాల్సిందే.

ఆ ఆరు నెలల గడువు గురించి అపోహలు చాలా ఉన్నాయి. అది తప్పనిసరి కాదని, తగిన కేసుల్లో జడ్జి మాఫీ చేయవచ్చని సుప్రీంకోర్టు 2017 సెప్టెంబర్‌లో చెప్పింది. దానికి షరతులున్నాయి. ఫస్ట్ మోషన్ నాటికే దంపతులు విడిపోయి ఏడాదిన్నర దాటి ఉండాలి. రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి. భరణం, పిల్లల బాధ్యత లాంటివన్నీ నిజంగా తేల్చుకుని ఉండాలి. ఇంకా ఆగితే బాధ పెరగడం తప్ప ప్రయోజనం లేదని జడ్జికి అనిపించాలి. డబ్బున్నవాళ్లకే తొందరగా విడాకులొస్తాయన్న మాట కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర వినిపిస్తుంటుంది. ఈ వెసులుబాటు మాత్రం లైట్‌మన్‌కీ హీరోకీ ఒకటే. తేడా ఉన్నదల్లా ఆ సంగతి చెప్పే లాయరు దొరకడంలోనే.

మంచి లాయరు పనితనం కోర్టు హాల్లో కనపడదు. నిజానికి ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం లాయరును పెట్టుకోవడం కక్షిదారు హక్కు కూడా కాదు, కోర్టు అనుమతితోనే వారు హాజరవుతారు. అసలు పనంతా అంతకుముందు, ఒప్పందం రాసే బల్ల దగ్గర జరుగుతుంది. పెళ్లిలో పెట్టిన బంగారం ఎవరి దగ్గరుంది, ఏ తేదీకి తిరిగిస్తారు? ఇద్దరి పేర్న ఉన్న ఫ్లాటు ఎవరికి, దాని మీది హోమ్‌లోన్ ఎవరు కడతారు? విడాకులు వచ్చాయని బ్యాంకు ఎవరి పేరునూ అప్పులోంచి తీసేయదు. ఏకమొత్తంగా ఇచ్చే భరణంలో సగం ఫస్ట్ మోషన్ నాడు, మిగతాది సెకండ్ మోషన్ నాడు డీడీ రూపంలో ఇవ్వడం సాధారణంగా జరిగే పద్ధతి. ఆ మాట కాగితం మీద లేకపోతే రెండో సగం కోసం మళ్లీ కోర్టు మెట్లెక్కాలి. ఒకరి మీద ఒకరు పెట్టుకున్న పోలీసు కేసులు ఎప్పుడు, ఎలా ముగుస్తాయో కూడా అందులోనే ఉండాలి. పిల్లలు వేసవి సెలవుల్లో ఎక్కడుంటారు, స్కూలు ఫీజు ఎవరు కడతారు, పాస్‌పోర్టుకు ఎవరు సంతకం పెడతారు? పిల్లల పోషణ ఖర్చు తల్లిదండ్రులు తమలో తాము మాట్లాడుకుని మాఫీ చేసుకునే బాకీ కాదు.

సినిమా రంగంలో ఇది ఇంకా చిక్కు. నెలజీతం ఉండదు. ఒక ఏడాది చేతినిండా పని, మరో ఏడాది ఖాళీ. ఇల్లు తండ్రి పేర్న, కారు నిర్మాణ సంస్థ పేర్న ఉంటాయి. అలాంటి చోట ఆదాయమెంతో తేల్చకుండా సంతకం పెట్టించే లాయరు ఉపకారం చేస్తున్నట్టు కాదు. ఇద్దరికీ కలిపి ఒకే లాయరు సరిపోతాడన్న సలహా తరచూ వినిపిస్తుంది. ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ సొంత సంపాదన లేని మనిషి, ఎక్కువగా భార్య, సంతకానికి ముందు ఆ కాగితాన్ని తనవాడైన మరో లాయరుకు చూపించుకోవడం అత్యవసరం.

ఇక స్టాంపు పేపరు విడాకులు. పెద్దమనుషులు కూర్చుని వంద రూపాయల బాండు మీద ‘ఇకపై మాకూ మీకూ సంబంధం లేదు’ అని రాయించి, నోటరీ ముద్ర వేయించి పంపడం తెలుగు ఊళ్లలో ఇంకా నడుస్తోంది. కులాచారంలో అలాంటి విడాకులు అనాదిగా ఉన్నాయని రుజువైతే చట్టం వాటిని కొట్టేయదు. ఆ రుజువు చూపలేనివారికి మాత్రం ఆ కాగితం విలువ సున్నా. దాన్ని నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే రెండో పెళ్లి నేరం కింద కేసవుతుంది.

అమెరికా తీర్పులదీ అదే చిక్కు. తిరుపతిలో 1975లో పెళ్లయిన ఒక జంటలో భర్త మిస్సోరీ రాష్ట్ర కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని ఇక్కడ ఇంకో పెళ్లి చేసుకున్నారు. భార్య ఆ విదేశీ కోర్టు అధికారాన్ని ఒప్పుకోలేదు కాబట్టి ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు 1991లో తేల్చింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగు దంపతులు ఇద్దరూ ఒప్పుకుని విడిపోయేటప్పుడు కూడా ఇక్కడి లాయరును ఒకసారి అడగాల్సిన కారణం ఇదే.

భార్యాభర్తల మధ్య విషయం ఎంతవరకు బయటివాళ్లదన్న ప్రశ్న తెలుగు న్యాయస్థానానికి కొత్త కాదు. ‘మరో చరిత్ర’ నాయిక సరితను కాపురానికి పంపాలని ఆమె భర్త కడప సబ్ కోర్టులో కేసు వేస్తే, ఆమె హైకోర్టును ఆశ్రయించారు. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎ. చౌదరి ఇష్టం లేని మనిషిని కాపురానికి బలవంతపెట్టే హిందూ వివాహ చట్టం సెక్షనే రాజ్యాంగ విరుద్ధమన్నారు. అది ఆమె ఏకాంతానికి, గౌరవానికి భంగమన్నారు. మరుసటి ఏడాదే వేరొక కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. అయితే జస్టిస్ చౌదరి ఆలోచన అక్కడితో ఆగిపోలేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది.

ఆ గోప్యతకు హిందూ వివాహ చట్టంలోనే ఒక కంచె ఉంది. 22వ సెక్షన్ ప్రకారం విచారణ మూసిన తలుపుల వెనక జరగాలి. అక్కడి వివరాలేవీ అచ్చువేయకూడదు, ప్రచురించకూడదు. హైకోర్టు, సుప్రీంకోర్టుల తీర్పులకే మినహాయింపు, అదీ ముందస్తు అనుమతితో. ఈ నియమం మీరితే జరిమానా వెయ్యి రూపాయలకు మించదు. ఒక్క థంబ్‌నెయిల్‌తో అంతకు ఎన్నో రెట్లు సంపాదించే రోజుల్లో ఆ వెయ్యికి ఎవరు జంకుతారు?

2023 జూలైలో నటి నిహారిక కొణిదెల దంపతులు పరస్పర అంగీకారంతో విడిపోతున్నామని ప్రకటించారు. ఆ ప్రకటన రాకముందే కోర్టు కాగితాల పేరుతో వార్తలు గుప్పుమన్నాయి. 2024 అక్టోబర్ 2న, అంటే సమంత, చైతన్యల ప్రకటనకు సరిగ్గా మూడేళ్లకు, తెలంగాణ మంత్రి కొండా సురేఖ ఆ విడాకులను రాజకీయ ఆరోపణలో కలిపి మాట్లాడారు. తమది పరస్పర అంగీకారంతో, సామరస్యంగా జరిగిన విడాకులని, ఇందులో రాజకీయ కుట్ర లేదని సమంత మళ్లీ వివరణ ఇచ్చుకున్నారు. మంత్రి ఆ మాటలు వెనక్కి తీసుకున్నారు. చైతన్య తండ్రి నాగార్జున వేసిన పరువునష్టం కేసు మంత్రి విచారం వెలిబుచ్చాక 2025 నవంబర్‌లో ముగిసింది. చట్టం ఒక్కసారి కూడా అడగని సంజాయిషీని ఆ స్త్రీ మూడేళ్లలో ఎన్నిసార్లు ఇవ్వాల్సి వచ్చిందో పత్రికలు, ఛానళ్లు లెక్క చూసుకోవాలి.

తారలకు కనీసం పరువునష్టం దావా వేసే స్తోమత ఉంది. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ ఇరుకు గదుల్లో ఉండే జూనియర్ ఆర్టిస్టుకు, కాస్ట్యూమ్ అసిస్టెంటుకు అదీ లేదు. ఆమె విడాకుల మాట యూనిట్ వ్యాన్‌లో పాకితే మర్నాటి పనికే ఎసరు రావచ్చు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆదాయంతో పనిలేకుండా ప్రతి మహిళా ఉచిత లాయరుకు అర్హురాలే. 15100కు ఫోన్ చేసినా దారి చూపుతారు. ఫిల్మ్‌నగర్‌లోని ఫిల్మ్ ఛాంబర్, 24 శాఖల యూనియన్లు ఆ నంబరును తమ ఆఫీసు గోడల మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. నెలకోరోజైనా న్యాయసేవా సంస్థ లాయరును అక్కడ కూర్చోబెట్టాలి. 22వ సెక్షన్‌లోని వెయ్యి రూపాయలను ఆన్‌లైన్ ప్రచురణకూ నొప్పి తగిలే మొత్తానికి పెంచమని తెలుగు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో అడగాలి.