బీల అంటే బీడు కాదు

మాది తిరువూరు దగ్గర నెమలి. పక్షి పేరు పెట్టుకున్న వూరు. పైగా వూళ్ళో వెలసినది వేణుగోపాలస్వామి. ఆయన తలలో ఎలాగూ పింఛం వుండనే వుంది. కనుక పక్షుల తరపున నాలుగు మాటలు చెప్పే హక్కు నాకు కాస్త వున్నదనుకుంటాను. అయితే నెమలికి నా వకాల్తా అక్కరలేదు. 1963 నుంచి అది జాతీయ పక్షి. దానికి చట్టం వుంది, దేవుళ్ళున్నారు, కవులున్నారు. వలస పోయే బాధ కూడా లేదు. పుట్టిన చేలగట్లమీదే తిరుగుతూ రైతుచేత తిట్లు తింటూ వుంటుంది. వకీలు లేనిదల్లా వచ్చిపోయే పక్షికే. ఆరు నెలల కాపురానికి రేషను కార్డు ఎవరిస్తారు?

కవులు మాత్రం యీ రాకపోకలు కనిపెట్టకపోలేదు. వానకారు మబ్బు చూడగానే రాజహంసలు మానస సరస్సుకు ప్రయాణం కడతాయని కాళిదాసు మేఘసందేశంలో అన్నాడు. క్లాసులో పిల్లలు దీన్ని కవిసమయమని కొట్టిపారేస్తారు. తలమీద రెండు నల్లని అడ్డపట్టీలుండే బాతు ఒకటున్నది. శీతకాలం మన చెరువుల్లో గడిపి, ఎండలు ముదరకమునుపే హిమాలయాలు దాటి టిబెట్టు సరస్సులు చేరి అక్కడ పిల్లల్ని లేపుతుంది. కావ్యాల్లోని హంస యిదే కావచ్చునన్న పండితులున్నారు. మాట నిజమైతే, మన కవులు తెలియక రాసింది తక్కువేనన్నమాట!

ఇక శ్రీకాకుళం జిల్లాకు రండి. టెక్కలి దగ్గర తేలినీలాపురమని ఒక పల్లె. ఏటా వానలు వెనకబడే వేళకు గూడబాతులూ, రంగు కొంగలూ వచ్చి అక్కడి చింతచెట్లమీద గూళ్ళు కట్టుకుంటాయి. పిల్లలకు రెక్కలు వచ్చాక, ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. వాటి రాక శుభమని వూరివారి నమ్మకం. పత్రికలవాళ్ళు వీటిని సైబీరియా పక్షులంటూ వుంటారు. ఆ మాట చెల్లదండీ. సైబీరియానుంచి చలికి జడిసి వచ్చే పక్షికి యిక్కడ విడిదే గాని గూడు వుండదు. దాని పురుడు అక్కడే. గూడబాతూ, రంగు కొంగా దక్షిణాసియావే. మనం దూరపు చుట్టాలనుకుంటున్నవాళ్ళు ఇంటి ఆడపడుచులే. పురిటికి పుట్టింటికి వస్తున్నారు.

పురిటికి వచ్చిన పిల్లకు మంచం వేస్తే సరిపోతుందా? అన్నం పెట్టవద్దూ? మంచం తేలినీలాపురం చింతచెట్టుమీద. అన్నం నౌపడా తంపరలో. తంపర అన్నా, సోంపేట వైపు బీల అన్నా నీరు నిలిచే పల్లపు నేల. చేపలూ, నత్తలూ, జమ్మూ, పశువులకు మేతా అన్నీ అక్కడే. జాలరీ, రైతూ, కొంగా ముగ్గురూ దానిమీదే ఆధారపడి వున్నారు. అటువంటి నేలకు దస్త్రాల్లో దొరికే పేరు మాత్రం తరచు పోరంబోకు, లేకపోతే బంజరు. తెలుగు చెప్పుకు బ్రతికేవాణ్ణి గనుక అంటున్నాను: పేరు తప్పు రాస్తే ఆ తరువాత జరిగేదంతా తప్పే. చెట్టుకు కంచె కట్టి తంపరను పూడిస్తే ఆ చెట్టుమీద ఏ పక్షి వాలుతుంది?

సోంపేట బీలలో 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టాలనుకున్నారు. 2009 డిసెంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పిలేటు అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. కాగితం ఒక్కరోజు ముందు వచ్చివుంటే ఆ యిద్దరూ బ్రతికి వుండేవారేమోనని నాకు యిప్పటికీ అనిపిస్తుంది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో కాకరాపల్లి థర్మల్ కేంద్రం దగ్గరా తుపాకులు పేలాయి. అక్కడా మనుషులు పోయారు. రెండు కేంద్రాలూ పూర్తికాలేదు.

ఈ కథ విని మొన్న ఒక కుర్రవాడు లేచాడు. “అయితే మాస్టారూ, పిట్టలకోసం కరెంటు మానుకుందామంటారా?”

“ఆ ఫాను ఆపేసి కూర్చో, చూద్దాం” అన్నాను. నవ్వులయ్యాక చెప్పాను. కరెంటు వద్దని నేననలేదు. ఎక్కడ కట్టాలో తేల్చకముందు ఎప్పుడు వెళ్ళి చూశారన్నదే నా ప్రశ్న. 2006 నాటి నోటిఫికేషను ప్రకారం పర్యావరణ ప్రభావం అంచనా వేయాలి. చాలా ప్రాజెక్టులకు వానకాలం కాని ఒక ఋతువు వివరాలు చాలునంటారు. ఆ ఋతువు వేసవి అయితే? తంపర ఎండి వుంటుంది, పక్షి ఒక్కటీ కనిపించదు, లెక్క సున్నా. పెళ్ళయిన మర్నాడు పందిట్లోకి వెళ్ళి చుట్టాల్ని లెక్కపెట్టినట్లు! అంకెలో అబద్ధం లేదు, అయినా అది నిజం కాదు.

తీగెల సంగతి మరొకటి. గూడబాతు బరువైన పక్షి, చటుక్కున పక్కకు తప్పుకోలేదు. రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేక పిట్టలు యిలాగే తీగెలకు తగిలి చస్తూ వుంటే సుప్రీంకోర్టు 2021లో తీగెల్ని భూమిలో పాతమన్నది; 2024లో ఆ ఆజ్ఞ సడలించి, ఎక్కడ సాధ్యమో చూడమని నిపుణులకు అప్పగించింది. తీగెకు మెరిసే బిళ్ళలు కడితే దూరాన్నుంచే కొంత కనిపిస్తుంది. అది కట్టడం తీగె వేసేటప్పుడు సులువు. ముందే ఆ దారి వదిలి మరో దారిన వెయ్యడం యింకా సులువు.

నౌపడా వున్న సంతబొమ్మాళి మండలంలోనే 2023 ఏప్రిల్‌లో మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు వస్తే రోడ్లూ, స్తంభాలూ, గిడ్డంగులూ, మట్టి లారీలూ వెంట వస్తాయి. రావద్దనేవాణ్ణి కాను, అక్కడి కుర్రవాళ్ళకు ఉద్యోగాలు కావాలి. వాటికి గీతలు గీసే ఇంజనీర్లు మార్గశిరంలో ఒకసారీ, మాఘంలో ఒకసారీ ఆ వైపు వెళ్ళాలి. సాయంత్రం తేలినీలాపురంలో నిలబడి, గూళ్ళకు తిరిగివచ్చే పక్షులు ఏ దిక్కునుంచి వస్తున్నాయో చూసుకుని, ఆ దిక్కును కూడా పటంమీద గీసుకోవాలి. తెల్లవారుజామున తంపరలోకి వల తీసుకుపోయే జాలరిని వెంటబెట్టుకుంటే, ఏ మడుగులో నీరు ఏ నెలదాకా నిలుస్తుందో అతడే చెబుతాడు.