వీలునామాకు హద్దు ఉండాలి



1971లో ఇందిరాగాంధీ మన తోరణగల్లులో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేసినప్పుడు మన చేను విలువ దాని పంటను బట్టే ఉండేది. ఇప్పుడు ధర పెరిగి, అదే చేను కోసం తోడబుట్టినవాళ్లు ముఖాలు చూసుకోవడం మానేస్తున్నారు. తండ్రి దినాలు ముగిశాయో లేదో, పెట్టెలోంచి ఒక వీలునామా బయటికొస్తుంది. ఆస్తంతా ఒక్కరి పేరే. ఆ ఒక్కరు కూతురు కావడం అరుదు.

మా బంధువుల్లో ఒకామె, తండ్రికి పక్షవాతం వస్తే రెండేళ్లు పుట్టింట్లోనే ఉండిపోయింది. గంజి పట్టింది, పక్కబట్టలు ఉతికింది. వీలునామాలో ఆమె పేరే లేదు. కోర్టుకు పోదామంటే వకీలు మొదట అడిగిన మాట: “మీ నాయనకు అప్పుడు మతి సరిగా లేదని చెప్పగలవా అమ్మా?” ఆయన చివరి రోజు కూడా మనవళ్లను పేరుపేరునా పిలిచాడు. అది ఆమెకు తెలుసు. అయినా కేసు నిలవాలంటే తండ్రికి మతి లేదనాలి, వేలిముద్ర దొంగదనాలి, అన్న మోసగాడనాలి.

“నాకు అన్యాయం జరిగింది” అనే మాట మీద మనకు కేసే లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ కింద మనిషి తన ఆస్తిని, ఉమ్మడి ఆస్తిలోని తన వాటాతో సహా, ఎవరికైనా రాయవచ్చు. మైసూరు సీమనుంచి వెళ్లిన వెంకటాచల అయ్యంగార్ కేసులో, అనుమానాలు తీర్చే భారం వీలునామా తెచ్చినవాడిదేనని సుప్రీంకోర్టు 1958లో చెప్పింది. మంచి తీర్పే. కానీ అది కాగితం నిజమా కాదా అన్నంతవరకే. భార్యకు, మైనరు బిడ్డకు, పెళ్లికాని కూతురికి మనోవర్తి దావా అయినా ఉంది. ఎదిగిన కొడుకుకు, భర్త ఉన్న కూతురికి అదీ లేదు. 2005లో కూతురికి పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు వచ్చింది. తండ్రి వాటాలో, స్వార్జితంలో ఆమెకు రావలసింది మాత్రం ఒక్క వీలునామాతో పోతోంది.

పక్కనే గోవాలో పిల్లలున్నవారు సగం ఆస్తికి మించి వీలునామా రాయలేరు. ముస్లింల ధర్మశాస్త్రంలో మూడో వంతే హద్దు. మనమూ సగం హద్దు అడుగుదాం. వారసత్వం మీద రాష్ట్రమూ చట్టం చేయవచ్చు. కేంద్రం కదలకముందే 1994లో మన కర్ణాటక, అంతకుముందు ఎన్టీఆర్ హయాంలో ఆంధ్రప్రదేశ్ పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చాయి.

“నా కష్టార్జితం, నా ఇష్టం” అనే పెద్దల మాట కొట్టిపారేసేది కాదు. బతికున్నంతకాలం అమ్ముకోండి, ఖర్చుపెట్టుకోండి. మిగిలిన ఆస్తిలో సగం మీ ఇష్టమే: చూసుకున్న బిడ్డకు ఇవ్వండి, అవిటి బిడ్డకు ఇవ్వండి. రెండో సగంలో మాత్రం ఏ బిడ్డనూ తీసేయకండి.

చట్టం వచ్చేలోగా ఒక పని చేయండి. మన పత్రాలు కన్నడంలో రాస్తారు, మనలో చాలామంది తెలుగే చదవగలరు. వీలునామా రాయించేనాడు పిల్లలందరినీ కూర్చోబెట్టి, తెలుగులో చెప్పించి, తర్వాతే సంతకం పెట్టండి.

వీలునామాకు ఈ సగం హద్దు పెట్టే సవరణ కోరుతూ సండూరు ఎమ్మెల్యేకు వినతిపత్రం ఇస్తున్నాం. మేము మీ ఇంటికి వచ్చినప్పుడు దానిపై సంతకం చేయండి. సంతకం రానివారు వేలిముద్ర వేయండి, ముందు ఇంట్లో ఎవరిచేతనైనా పూర్తిగా చదివించుకుని వేయండి.