లాభం పుస్తకంలో ఉంది... మరి డబ్బేది?

ఈ వారం ప్రశ్న తాడిపత్రి నుంచి వచ్చింది. పంపిన అబ్బాయి బీకాం ఫైనలియర్. పేరు వద్దన్నాడు కాబట్టి రాయను. మెసేజ్ మాత్రం ఇదీ:

"సార్, మా నాయన ఎకరా పొలం అమ్మి బండల పాలిష్ ఫ్యాక్టరీలో వాటా తీసుకుందామంటున్నాడు. నడిపేది మాకు తెలిసినాయనే. నెలకు 40 వేలు లాభమని లెక్క రాసి చూపించినాడు. 'నువ్వు బీకాం కదా, చూసి చెప్పు' అంటున్నాడు మా నాయన. నాకు ట్రయల్ బ్యాలెన్స్ వేయడం వస్తుంది గానీ ఇది మంచి వ్యాపారమో కాదో చెప్పడం రావట్లేదు. ఏం చూడాలి?"

ఈ ప్రశ్న ఒక్క ఆ అబ్బాయిది కాదు. కామర్స్, బీబీఏ చదువుతున్న మీలో చాలామందికి ఇంట్లో ఏదో ఒకరోజు ఇదే పరీక్ష ఎదురవుతుంది. అందుకే ఈ వారం కాలమ్ మొత్తం ఆ బండల లెక్కకే ఇచ్చేస్తున్నా. మీ ఊళ్లో బండలు లేకపోతే, వాటి బదులు చీరలో, టైల్సో, పౌల్ట్రీయో పెట్టుకొని చదవండి.

రాయి ఒకటే, వ్యాపారాలు రెండు

తాడిపత్రి చుట్టుపక్కల భూమిలో ఉన్నది సున్నపురాయి. అందులో పొరలు పొరలుగా విడిపోయే రకం మన నాపరాయి. బయటి రాష్ట్రాల్లో దీన్నే కడప బండ అంటారు. దాన్ని కోసి, పాలిష్ చేసి అమ్మేవి ఊరి చుట్టూ ఉన్న పాలిష్ ఫ్యాక్టరీలు. సున్నపురాయినే పొడి చేసి కాల్చి సిమెంట్ చేసేవి భోగసముద్రం దగ్గర అల్ట్రాటెక్, తలారిచెరువు దగ్గర పెన్నా సిమెంట్.

సిమెంట్ కంపెనీలు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఫ్యాక్టరీ పెట్టుకోకుండా ఇక్కడికెందుకొచ్చాయి? ఒక టన్ను క్లింకర్ తయారవ్వాలంటే సుమారు టన్నున్నర సున్నపురాయి కావాలి. బరువైన ముడిసరుకును దూరం మోయించడం కంటే ఫ్యాక్టరీని రాయి దగ్గరికి తేవడమే చవక.

ఈ బరువు లెక్క పాలిష్ బండకూ ఉంది. అంగుళం మందం ఉన్న బండ చదరపు అడుగుకు 6 కిలోల పైనే తూగుతుంది. 20 టన్నుల లోడులో 3,200 అడుగులు పడతాయనుకోండి. లారీ కిరాయి రూ.32,000 అయితే అడుగుకు 10 రూపాయలు కిరాయికే పోయింది. కాబట్టి ధర వినగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: "ఇది ఫ్యాక్టరీ గేటు దగ్గర ధరా, కస్టమర్ ఇంటి దగ్గర ధరా?"

ఒక్క అడుగు లెక్క

ఇప్పుడు ఆ 40 వేల లాభం ఎలా వచ్చిందో చూద్దాం. ఈ అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవి. మీరు మీ అంకెలు వేసుకోండి.

ముడి బండ అడుగు రూ.18కి కొన్నాం. పగిలిపోయినవి, అంచులు పోయినవి తీసేస్తే నూటికి 90 అడుగులే అమ్మకానికి మిగులుతాయి. అంటే అసలు ఖర్చు 18 కాదు, 20. కటింగ్ బ్లేడ్లు, పాలిష్ సామాను, కాలిన యూనిట్లకు కరెంటు, కూలీలకు అడుగు లెక్కన ఇచ్చేది కలిపి 9. లోడింగ్ హమాలీ 1. మొత్తం 30. గేటు దగ్గర అమ్మేది రూ.40కి. అడుగుకు 10 మిగిలింది.

ఇది లాభం కాదు, ఆగండి. బండ కోసినా కోయకపోయినా నెల తిరిగేసరికి కట్టాల్సినవి ఉన్నాయి. షెడ్డు బాడుగ, మిషన్ లోను వడ్డీ, సూపర్‌వైజర్ జీతం, కరెంటు ఫిక్స్‌డ్ ఛార్జీ. ఇవన్నీ రూ.60,000 అనుకుందాం. అడుగుకు 10 చొప్పున ఇవి పూడాలంటే 6,000 అడుగులు అమ్మాలి. మీ పుస్తకంలో బ్రేక్ ఈవెన్ పాయింట్ అని గ్రాఫ్ గీయించారే, అది ఇదే. ఆరు వేల అడుగుల దాకా మీరు పనిచేసేది షెడ్డు ఓనరు కోసం, బ్యాంకు కోసం, కరెంటోళ్ల కోసం. ఆ తర్వాత అమ్మే ప్రతి అడుగే మీది. నెలకు 10,000 అడుగులు అమ్మితే మిగతా 4,000 అడుగుల మీద రూ.40,000.

లెక్క కరెక్టే. చాలామంది ఇక్కడే ఆగిపోయి చేయి కలిపేస్తారు.

డబ్బు ఎన్ని రోజులు బయట తిరుగుతోంది?

బండలు కొన్న డీలర్ ఆ రోజే డబ్బులిస్తాడా? "రెండు నెల్లలో సర్దుతాలే అన్నా" అంటాడు. కానీ బండలు పంపిన గనివాళ్లు, కూలీలు, కరెంటు ఆఫీసు రెండు నెలలు ఆగరు.

మన ఫ్యాక్టరీలో నెల ఖర్చు ఎంత? పదివేల అడుగులకు 30 చొప్పున 3 లక్షలు, పైన 60 వేలు. మొత్తం రూ.3.6 లక్షలు. మొదటి నెల సరుకు డబ్బు మూడో నెలలో గానీ రాదు. అంటే రెండు నెలలకు రూ.7.2 లక్షలు ముందే జేబులోంచి తీయాలి. అప్పటికి పుస్తకంలో రూ.80,000 లాభం కనిపిస్తుంటుంది. పెట్టెలో పైసా ఉండదు.

ఈ 7.2 లక్షల్నే వర్కింగ్ క్యాపిటల్ అంటారు. మన వ్యాపారుల భాషలో రొటేషన్ డబ్బు. మిషన్ కొనడానికి ఎంతవుతుందని అందరూ అడుగుతారు, రొటేషన్‌కి ఎంత కావాలని అడిగేవాళ్లు తక్కువ. పొలం అమ్మిన డబ్బంతా మిషన్ మీద పెట్టేసి, రొటేషన్‌కి బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. 7.2 లక్షలకు నెలకు రూ.14,400. నలభై వేల లాభంలో మూడో వంతు పైనే వడ్డీకి పోయింది. డీలర్ రెండు నెలలన్నది మూడు నెలలు చేశాడా? 10.8 లక్షలు కావాలి, వడ్డీ రూ.21,600. సగం పైనే పోయింది. బండ ధర తగ్గలేదు, అమ్మకం తగ్గలేదు, ఎవరూ మోసం చేయలేదు. డబ్బు ఇంకో ముప్పై రోజులు ఆలస్యమైంది, అంతే.

ఇంకో తమాషా చూడండి. పెద్ద ఆర్డర్ వచ్చింది, అమ్మకం డబుల్. అందరూ స్వీట్లు పంచుకుంటారు. నెలకు 20,000 అడుగులైతే ఖర్చు రూ.6.6 లక్షలు, రెండు నెలలకు రూ.13.2 లక్షలు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా ఆర్డర్ ఒప్పుకుంటే, బాగా నడుస్తున్న ఫ్యాక్టరీ కూడా మూతపడుతుంది.

దీనికి మందు లేకపోలేదు. "వెంటనే డబ్బిస్తే అడుగు 39కే" అనండి. పదివేల అడుగుల మీద పోయేది పదివేలు, మిగిలే వడ్డీ 14,400. ఒక్క రూపాయి తగ్గించి మీరే లాభపడ్డారు!

45 రోజుల మాట

చిన్న పరిశ్రమలకు చట్టం కూడా ఒక ఆయుధం ఇచ్చింది. ఎంఎస్ఎంఈ చట్టం 2006లో వచ్చింది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న పరిశ్రమ నుంచి సరుకు తీసుకున్న కొనుగోలుదారు, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులో రాసుకున్న గడువులోగా, అదీ 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్నులోనూ మెలిక పెట్టారు. గడువు దాటి కడితే, నిజంగా కట్టిన సంవత్సరంలోనే కొన్నవాడు దాన్ని ఖర్చుగా చూపించుకోగలడు.

కాగితం మీద ఇంత బలముంది. కానీ కస్టమర్ మీద కేసు పెడితే రేపు ఆర్డర్ రాదని చాలామంది నోరు మెదపరు. నిజమే, ఆ భయం అర్థమవుతుంది. కనీసం రెండు పనులు చేయొచ్చు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించుకోండి. ప్రతి బిల్లు మీద ఉద్యమ్ నంబరు, డబ్బు కట్టాల్సిన తేదీ అచ్చు వేయించండి. అడగడానికి మొహమాటపడే మనిషి తరఫున ఆ బిల్లే అడుగుతుంది.

వాటా అంటే ఎంతవరకు?

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికొద్దాం. తాడిపత్రి స్టీల్ ఫ్యాక్టరీని చూడండి. 2007లో బ్రెజిల్ కంపెనీ గెర్డావ్ అందులోకి వచ్చింది. 2018లో చేతులు మారి అర్జాస్ స్టీల్ అయింది. 2024లో కర్ణాటకకు చెందిన సండూర్ మాంగనీస్ సంస్థ మెజారిటీ వాటా కొంది. ఓనర్లు మారారు, ఫ్యాక్టరీ అక్కడే ఉంది. ఎందుకంటే అది కంపెనీ. చట్టం దృష్టిలో కంపెనీ ఒక మనిషి, ఓనరు ఇంకో మనిషి. కంపెనీ మునిగితే షేర్‌హోల్డర్ పెట్టిన డబ్బు పోతుంది, ఇల్లు పోదు.

ఊళ్లో "వాటా" అంటే మామూలుగా అది కాదు. 1932 చట్టం కింద నడిచే పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. అందులో చేరిన తర్వాత ఫర్మ్ చేసే అప్పుకు పార్ట్‌నర్లందరూ బాధ్యులే, ఒక్కొక్కరూ మొత్తానికి బాధ్యులే. మీ వాటా పావలా అయినా అప్పిచ్చినవాడు రూపాయి మొత్తం మీ నాయన్నే అడగొచ్చు. అమ్మిన ఎకరాతో ఆగదు, మిగిలిన పొలం మీదికీ రావచ్చు. 2008లో వచ్చిన ఎల్ఎల్‌పీ చట్టం కింద పెట్టుకుంటే బాధ్యత సాధారణంగా పెట్టిన డబ్బు వరకే. కానీ బ్యాంకు పర్సనల్ గ్యారంటీ అడిగి, సంతకం పెట్టేస్తే ఆ రక్షణ కూడా పోయినట్టే.

నాయనకు ఏం చెప్పాలి?

తమ్ముడూ, మీ నాయనతో "వద్దు" అనకు, "సరే" అని కూడా అనకు. ఆ తెలిసినాయన్ని మర్యాదగా మూడు అడగమను. ఒకటి, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్. లాభం ఎవరైనా రాయొచ్చు, డబ్బు ఏ తేదీన వచ్చిందో బ్యాంకే చెప్పాలి. రెండు, ఎవరెవరి దగ్గర ఎంత బాకీ ఉంది, ఎన్ని నెలల నుంచి ఉంది అనే లిస్టు. ఆరు నెలలు దాటిన బాకీలను సున్నా కింద లెక్కేసి చూడు. మూడు, జీఎస్టీ రిటర్నులు. నోటితో చెప్పిన అమ్మకం, అందులో చూపిన అమ్మకం ఒకటేనా?

చూపించడానికి ఆయన ఇబ్బంది పడితే నీకు సగం జవాబు దొరికినట్టే. చూపిస్తే, సెలవుల్లో నెల రోజులు అక్కడే లెక్కలు రాసే పనికి చేరు. ఎన్ని బండలు పగిలాయి, ఎన్ని గంటలు కరెంటు పోయింది, ఏ డీలర్ ఎన్ని రోజులకు కట్టాడు, రోజూ నోట్‌బుక్‌లో రాయి. ఆ నెల రోజులూ పొలం అమ్మకం ఆపమను. ఒక నెలలో ఎకరా ఎక్కడికీ పోదు. అమ్మేశాక మాత్రం తిరిగి కొనడం కష్టం.

మిగతా ఫ్రెండ్స్‌కి ఈ వారం హోంవర్క్: మీ వీధిలో ఏదైనా ఒక షాపు ఓనర్‌ని అడగండి. "లాభం ఎంత?" అని కాదు, చెప్పడు కూడా. "సరుకు కొన్న డబ్బు ఎన్ని రోజులకు తిరిగొస్తుంది అన్నా?" అని అడగండి. వచ్చిన జవాబులు నాకు పంపండి. వచ్చే వారం జీఎస్టీ బిల్లు చదవడం ఎలాగో చూద్దాం.