వినిపించిన మైదానం

1975 మార్చి 15, శనివారం. కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్ హాకీ తుది పోటీ జరుగుతున్నది. ఒకవైపు భారత్, మరొకవైపు పాకిస్తాన్. అక్కడికి వేల కిలోమీటర్ల ఇవతల, ఢిల్లీకి దక్షిణాన ఉన్న ఫరీదాబాద్‌లో, దేశంలోని అన్ని ఊళ్లలో వలెనే, ఆ మైదానం ఒక చిన్న పెట్టెలో ఇమిడిపోయింది. టీ దుకాణం బల్లమీదనో, ఇంటి కిటికీలోనో పెట్టిన రేడియో చుట్టూ చేరినవారికి పచ్చిక కనబడదు, బంతి కనబడదు. కనబడేది అంకెల మీద నిలిచిన ముల్లు ఒక్కటే. అయినా ఆనాడు పిల్లలుగా ఉండి ఇప్పుడు మనుమలను ఎత్తుకొన్నవారిని కదిలిస్తే, ఆ ఆటను ‘విన్నాము’ అనరు. ‘చూశాము’ అనే అంటారు.

ఆ మాటలో అతిశయోక్తి లేదు. రేడియోలో హాకీ వినడం ఊరికే కూర్చొని చేసే పని కాదు. క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య విరామముంటుంది. వ్యాఖ్యాత వాతావరణాన్ని వర్ణించవచ్చు, పాత లెక్కలు చెప్పవచ్చు. హాకీలో ఆ వెసులుబాటు లేదు. అర్ధభాగానికి 35 నిమిషాల చొప్పున సాగే ఆనాటి ఆటలో బంతి ఒక కర్ర నుండి మరొక కర్రకు క్షణంలో మారేది. ఎడమ అంచున పరుగు, అక్కడి నుండి మధ్యకు పాస్, ఇరవై అయిదు గజాల గీత, ‘డి’ వలయం, పెనాల్టీ కార్నర్—ఈ మాటలు గుక్క తిప్పుకోకుండా వచ్చి పడుతుంటే, వినేవాడు వాటితో మనసులో మైదానాన్ని గీసుకోవలసిందే. నేలమీద సుద్దముక్కతో గీతలు గీసి, అగ్గిపుల్లలను ఆటగాళ్లుగా నిలబెట్టి, మాట వెంట గులకరాయిని జరిపిన పిల్లలెందరో!

మరొక చిత్రమేమిటంటే, మాటకంటె ముందు శబ్దం వచ్చేది. ‘గోల్’ అని వ్యాఖ్యాత నోటివెంట రాకముందే జనఘోష ఒక్క పెట్టున లేచేది. ఆ ఘోష ఎవరి పక్షానిదో తెలియని ఆ ఒక్క క్షణంలోనే గుండెలు ఆగిపోయేవి. దూరదేశాల నుండి వచ్చే ధ్వని అలలా లేచి, అంతలో సన్నగిల్లి గరగరలలో మునిగిపోయేది. సరిగ్గా పెనాల్టీ కార్నర్ సమయానికే అది మునగడం, ఎవరో ఒకరు పెట్టెను తట్టడం, మరొకరు వారించడం—ఇవన్నీ ఆటలో భాగాలే.

ఫరీదాబాద్‌లో ఈ వినికిడికి మరొక అర్థముండేది. ఆ ఊరి చరిత్ర అటువంటిది. 1607లో షేక్ ఫరీద్ నెలకొల్పినట్లు చెప్పే పాత పట్టణానికి పక్కనే, దేశవిభజనలో సర్వస్వమూ పోగొట్టుకొని వచ్చినవారికోసం 1949లో కొత్త పట్టణ నిర్మాణం ఆరంభమైంది. బాబూ రాజేంద్రప్రసాద్ అధ్యక్షుడుగా ఒక అభివృద్ధి బోర్డు ఏర్పడింది. వచ్చినవారిలో అధికులు వాయవ్య సరిహద్దు రాష్ట్రం వారు—బన్నూ, డేరా ఇస్మాయిల్‌ఖాన్ ప్రాంతాలవారు. దయాదానాలతో కాలం వెళ్లబుచ్చకుండా, తమ ఇళ్లను తామే కట్టుకొన్నారు. పారిశ్రామిక నగరంగా ఎదిగిన ఆ కొత్త ఊరి పేటలను నేటికీ ఒకటో నంబరు, రెండో నంబరు, అయిదో నంబరు అనే పిలుస్తారు.

ఆ బన్నూకు హాకీలో పెద్ద పేరు. 1928 నుండి 1956 వరకు వరుసగా ఆరు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన భారత్‌ను 1960 సెప్టెంబరు 9న రోమ్‌లో 1-0 గోలుతో ఓడించి, ఆ పరంపరకు తెర దించిన పాకిస్తాన్ జట్టు నాయకుడు అబ్దుల్ హమీద్ బన్నూలో పుట్టినవాడే. ఓడింది తాము వచ్చి చేరిన దేశం. గెలిపించినవాడు తాము విడిచివచ్చిన ఊరివాడు. ఫరీదాబాద్‌లో స్థిరపడిన బన్నూ వాసులకు ఆ వార్త ఎంత చిక్కుగా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. పాకిస్తాన్‌తో ఆట అంటే ఆ పేటలలోని పిల్లలకు అది శత్రువుతో పోరు. పెద్దలకు అంత తేలికగా తేలే విషయం కాదు. ఇల్లు తగులబడిన జ్ఞాపకమూ, ఆ ఇంటి ముంగిట ఆడుకొన్న జ్ఞాపకమూ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి కదా! ఒకే రేడియో ముందు కూర్చొన్న తండ్రీ కొడుకూ రెండు వేర్వేరు ఆటలు విన్నారంటే తప్పు లేదు.

కర్మాగారాలలో, ప్రభుత్వ కార్యాలయాలలో ఉద్యోగాలు దొరికి ఆ ఊరు చేరిన తెలుగు కుటుంబాలకు సమస్య వేరు. ఆకాశవాణి వ్యాఖ్యానం హిందీలో కొంతసేపు, ఇంగ్లీషులో కొంతసేపు సాగేది. ఇంట్లో తెలుగు తప్ప వేరు మాట ఎరుగని పిల్లవాడికి బడిలోని హిందీ పాఠం కంటె ఈ వ్యాఖ్యానమే ముందు వంటబట్టేది. తెలియని మాటను కూడా గొంతులోని వేగాన్ని బట్టి గ్రహించేవాడు. మరునాడు వీధిలో పంజాబీ, బన్నూవాలీ మాట్లాడే పిల్లలతో కలిసి విరిగిన కొమ్మను కర్రగా పట్టుకొని ఆడుతూ, ఆ వ్యాఖ్యానాన్నే వల్లించేవాడు. పరాయి ఊరు సొంత ఊరు కావడానికి ఇటువంటి దారులు కూడా ఉంటాయి.

ఇక ఆనాటి పోటీ. సెమీఫైనల్‌లో మలేషియా చేతిలో ఓటమి అంచుకు చేరిన భారత్‌ను, చివరి నిమిషాలలో మైదానంలో దిగిన అస్లం షేర్‌ఖాన్ పెనాల్టీ కార్నర్‌తో కాపాడాడు. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ గెలిపించాడు. తుది పోటీలో మొదటి గోలు పాకిస్తాన్‌ది. ద్వితీయార్ధంలో సుర్జీత్ సింగ్ లెక్క సరిచేశాడు. అటు పిమ్మట ధ్యాన్‌చంద్ కుమారుడు అశోక్ కుమార్ కొట్టిన బంతి గోలు స్తంభపు మూలకు తగిలి వెనక్కు వచ్చింది. గోలేనన్నాడు అంపైరు. కాదని పాకిస్తాన్ ఆటగాళ్లు వాదించారు. తీర్పు మారలేదు. 2-1తో కప్పు అజిత్‌పాల్ సింగ్ జట్టుకు దక్కింది. 2023 వరకు జరిగిన ప్రపంచ కప్పులలో భారత పురుషుల జట్టు గెలిచింది అదొక్కటే.

బంతి గీత దాటిందా, లేదా? రేడియో ముందున్నవారికి తేల్చుకొనే సాధనమేదీ లేదు. హిందీలో వ్యాఖ్యానిస్తున్న జస్‌దేవ్ సింగ్ గొంతును నమ్మడమొక్కటే వారు చేయగలిగింది. ఆ గొంతు వెనుక కూడా ఒక వినికిడి కథ ఉన్నది. 1948లో గాంధీజీ అంతిమయాత్రను మెల్విల్ డిమెల్లో గంటల తరబడి రేడియోలో వర్ణించగా విని, తానూ వ్యాఖ్యాతను కావాలని రాజస్థాన్‌లో ఒక యువకుడు నిశ్చయించుకొన్నాడు. 1955లో జైపూర్ ఆకాశవాణిలో చేరాడు. ఆ తరువాత ఎర్రకోట స్వాతంత్ర్య దినోత్సవాలకూ, తొమ్మిది ఒలింపిక్స్‌కూ గొంతునిచ్చాడు. 2018 సెప్టెంబరులో కన్నుమూసిన ఆ జస్‌దేవ్ సింగ్ మొదట శ్రోత, తరువాతనే వక్త.

గతాన్ని తలచుకొనేవారు గెలుపులనే ఏరుకొంటారని ఒక అపవాదు. కాని అదే రేడియో మరుసటి ఏడాదే చేదు వార్త కూడా చెప్పింది. 1976లో మాంట్రియల్‌లో ఒలింపిక్ హాకీ తొలిసారి కృత్రిమ పచ్చికపైకి మారింది. భారత్ ఏడవ స్థానానికి దిగజారింది. 1980లో మాస్కోలో స్పెయిన్‌పై 4-3తో స్వర్ణం దక్కినా, అనేక దేశాలు బహిష్కరించిన క్రీడలవి. 1982 డిసెంబరు 1న ఢిల్లీ ఆసియా క్రీడల తుది పోటీని ఫరీదాబాద్ ఇళ్లలో కూడా టెలివిజన్ చూపింది. తొలి గోలు భారత్‌దే. ఆ పైన ఏడు గోళ్లు పాకిస్తాన్‌వి. తెరమీద ప్రతి గోలూ స్పష్టంగా కనబడింది. ఊహకు, అనుమానానికి, ఆశకు చోటు మిగలలేదు.

కాబట్టి నేటివారు బెంగపెట్టుకొనేది గెలుపుల కోసం కాదు, పెట్టె కోసమూ కాదు. ఒక గొంతును పదిమంది ఒకేసారి నమ్మి, కనబడనిదాన్ని కలిసి కట్టుకొన్న ఆ గంటసేపటి కోసం. ఊరు వదిలి వచ్చినవాడు, ఉద్యోగానికి వచ్చినవాడు, భాష రానివాడు—అందరి మైదానమూ అప్పుడు ఒక్కటే.

2021 ఆగస్టు 5న టోక్యోలో జర్మనీపై 5-4తో, 41 ఏళ్ల తరువాత భారత హాకీ జట్టు ఒలింపిక్ పతకం గెలిచింది. ఆట ముగియడానికి ఆరు సెకన్లు ఉండగా జర్మనీకి పెనాల్టీ కార్నర్ లభించింది. గోలీ శ్రీజేష్ దాన్ని అడ్డుకొన్నాడు. ఎవరి ఫోనులో వారు ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లయినా తిప్పి చూసుకొన్నారు. ఆ ఆరు సెకన్లూ ఏ ముసలాయన అయినా కళ్లు మూసుకొని ఉంటే, అది భయం వల్లనని అనుకోనక్కరలేదు. ఆయన పాత అలవాటు కొద్దీ ఆటను చూస్తున్నాడు.