ఉత్సవం ముగిసినను మైదానం మిగలవలె

2003 అక్టోబరు, నవంబరులలో హైదరాబాదులో ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగినవి. అవే మొదటివి, అవే చివరివి. ఆ క్రీడలలో అంజూ బాబీ జార్జ్ లాంగ్‌జంప్‌లో స్వర్ణపతకం సాధించినది. అథ్లెటిక్స్ పోటీలు జరిగిన గచ్చిబౌలి స్టేడియం మన కోనసీమ బిడ్డ, 2002లో దివంగతులైన లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి గారి పేరిట వెలసినది. కోనసీమ ముఖద్వారమైన రావులపాలెంలో చదువుకొను మనకిది గర్వకారణమే. కాని గర్వమొక్కటే పరుగు నేర్పదు.

2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో విశాఖపట్నం యువతి యర్రాజి జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్‌లో రజతపతకం గెలుచుకొన్నది. ఆమె ప్రతిభను తొలుత గుర్తించినది పాఠశాల వ్యాయామోపాధ్యాయుడే. అనగా అంతర్జాతీయ పతకానికి సైతం తొలిమెట్టు బడి మైదానమే.

కావున కళాశాల కమిటీ పెద్దలకు సవినయ మనవి. ఏడాదికొక్క క్రీడాదినోత్సవంతో తృప్తి చెందరాదు. 400 మీటర్ల బాటకు స్థలం చాలనిచో 200 మీటర్ల బాటనైనా కొలిచి సున్నంతో గీయించవలెను. ప్రతి ఉదయం ఒక గంట సాధన, విద్యార్థినులకు ప్రత్యేక సమయం, ఒక స్టాప్‌వాచ్ ఉన్నచో ఆరంభానికి చాలును. ఇవి లక్షలు వెచ్చించవలసిన పనులు కావు. ఒక్కనాటి ఉత్సవంకంటె నిత్యం తెరచియుండు మైదానమే మనకు మేలు.