శిక్షణ ముందు మేనేజర్లకు ఇవ్వండి

ఉద్యోగుల సంక్షేమ శిక్షణ మీద పెట్టిన రూపాయి మూడు రూపాయలై తిరిగొస్తుందన్న మాట కంపెనీల్లో బాగా ప్రచారంలో ఉంది. ధ్యానం, వ్యాయామం, ఒత్తిడిని తట్టుకునే మెళకువలు నేర్పితే చాలు, సిబ్బంది ఆరోగ్యం బాగుపడుతుందట, సెలవులు తగ్గుతాయట. ఈ మాట తప్పు. దానికి ఆధారం చూపిన పరిశోధకుల్లో ఇద్దరు స్వయంగా చేసిన ప్రయోగంలోనే అది నిలవలేదు.

2010లో కేథరిన్ బైకర్, డేవిడ్ కట్లర్, జిరుయి సాంగ్ అమెరికాలో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను క్రోడీకరించారు. వెల్‌నెస్ కార్యక్రమాలపై ఖర్చుపెట్టే ఒక్కో డాలరుకు వైద్య ఖర్చులో దాదాపు 3.27 డాలర్లు ఆదా అవుతాయని లెక్క తేల్చారు. ఆ తర్వాత బైకర్, సాంగ్ ఒక పెద్ద ప్రయోగానికి పూనుకున్నారు. బీజేస్ హోల్‌సేల్ క్లబ్ అనే రిటైల్ సంస్థకు చెందిన 160 పనిచోట్లలో, సుమారు 33 వేల మంది ఉద్యోగులున్నచోట, లాటరీ పద్ధతిలో ఎంచిన కొన్ని చోట్ల మాత్రమే కార్యక్రమం నడిపారు. పోషకాహారం, వ్యాయామం, ఒత్తిడి తగ్గించుకోవడం, అన్నీ నేర్పారు. ఫలితం 2019లో వచ్చింది. కార్యక్రమం మొదలైన ఏడాదిన్నర తర్వాత చూస్తే, క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తున్నామని చెప్పినవాళ్లు పెరిగారు. బీపీ, కొలెస్ట్రాల్, వైద్య ఖర్చు, గైర్హాజరు, పనితీరు, వీటిలో దేనిలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు.

మరి పాత లెక్క ఎక్కడ తప్పింది? అదే ఏడాది ప్రచురితమైన ఇలినాయ్ విశ్వవిద్యాలయ అధ్యయనం దీనికి సమాధానం చెప్పింది. దాదాపు 5 వేల మంది సిబ్బందిలో, కార్యక్రమంలో చేరినవాళ్లను చేరనివాళ్లతో పోల్చి చూస్తే అది గొప్పగా పనిచేసినట్టే కనిపించింది. లాటరీలో అవకాశం వచ్చినవాళ్లను రానివాళ్లతో పోల్చేసరికి ఆ మేలు దాదాపుగా మిగల్లేదు. ముందునుంచీ వైద్య ఖర్చు తక్కువగా ఉన్నవాళ్లే ఎక్కువగా వచ్చి చేరారు. వాళ్లకు ముందే ఉన్న ఆరోగ్యాన్ని కార్యక్రమం ఖాతాలో వేసుకున్నారు. ఇది చిన్న పొరపాటు కాదు. రాత్రి తొమ్మిది దాటినా కాల్స్‌లో ఉండే ఉద్యోగి సాయంత్రం యోగా తరగతికి రాలేడు, కాబట్టి అతని అలసట చేరనివాళ్ల లెక్కలో పడి, కార్యక్రమం గొప్పగా కనిపిస్తుంది.

మానసిక ఆరోగ్యం సంగతీ అంతే. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లో 233 సంస్థలకు చెందిన 46,336 మంది ఇచ్చిన సమాధానాలను పరిశీలించి 2024లో వ్యాసం ప్రచురించాడు. ధ్యానం యాప్‌లు, ఒత్తిడి నిర్వహణ తరగతులు వాడుకున్నవాళ్లు వాడనివాళ్లకంటే మెరుగ్గా లేరు. స్వచ్ఛంద సేవకు అవకాశమిచ్చిన కార్యక్రమాలు మాత్రమే దీనికి మినహాయింపుగా కనిపించాయి. ఇది సర్వే, ప్రయోగం కాదు అన్న అభ్యంతరం సరైనదే. అయితే పైన చెప్పిన బీజేస్, ఇలినాయ్ అధ్యయనాలు రెండూ ప్రయోగాలే.

నాకు అన్నిటికంటే అభ్యంతరకరంగా తోచేది ఈ శిక్షణల్లో చెప్పే అసలు పాఠం: ఒత్తిడి పనిలో లేదు, నువ్వు తీసుకునే తీరులో ఉందని. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేయడం వల్ల పక్షవాతం, గుండెజబ్బులతో 2016లో సుమారు 7,45,000 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి అంచనా వేశాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందిలో కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. గంటల తరబడి కుర్చీకి అతుక్కుపోయే పనికి, వేళాపాళా లేని షిఫ్టులకు శ్వాస మీద ధ్యాస పరిష్కారం కాలేదు. ధ్యానం మంచిదే. ఇష్టమున్నవాళ్లు చేసుకోవాలి. దాన్ని చూపించి పనిభారం గురించి మాట్లాడకుండా చేయడం అన్యాయం.

అలాగని శిక్షణలన్నీ దండగ అనడం లేదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ అగ్నిమాపక శాఖలో మేనేజర్లకు నాలుగు గంటల శిక్షణ ఇచ్చారు. కుంగుబాటులో ఉన్న సిబ్బందిని గుర్తించడం, వాళ్లతో మాట్లాడటం, సెలవులో ఉన్నవాళ్ల యోగక్షేమం కనుక్కోవడం నేర్పారు. ఆరు నెలల తర్వాత చూస్తే, పని కారణంగా వచ్చిన అనారోగ్య సెలవులు వాళ్ల కింద పనిచేసేవాళ్లలో తగ్గాయి. 2017లో లాన్సెట్ సైకియాట్రీ దీన్ని ప్రచురించింది. ఇక్కడ శిక్షణ పొందినవాళ్ల చేతుల్లో డ్యూటీలు, సెలవులు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు కూడా మేనేజర్ల శిక్షణనూ, పని పరిస్థితుల్లో మార్పునూ సిఫారసు చేశాయి.

హెచ్‌ఆర్‌లో పనిచేసే మిత్రులకు నా మనవి ఇది. ఈసారి శిక్షణకు పేర్లు రాసేటప్పుడు డెడ్‌లైన్లు నిర్ణయించేవాళ్ల పేర్లు ముందు రాయండి. తరగతి అయ్యాక ఎంత బాగుందో చెప్పమని ఫారాలు పంచడం మానండి. ఆ టీమ్‌లో రాత్రి కాల్స్ తగ్గాయా, అడిగిన సెలవులు దొరుకుతున్నాయా అన్నది ఆరు నెలల తర్వాత లెక్కతీసి, సిబ్బంది అందరి ముందూ పెట్టండి.