హెచ్‌ఐవీతో పెరిగిన పిల్లలు: మందు అందింది, మాట అందలేదు

తల్లి నుంచి హెచ్‌ఐవీ సోకిన శిశువుల్లో, చికిత్స లేకపోతే సగం మంది రెండేళ్లు నిండకుండానే చనిపోతారు. మన దేశంలో 2004లో ఉచిత ఏఆర్‌టీ మందులు, 2006లో పిల్లలకు ప్రత్యేక చికిత్స కార్యక్రమం మొదలయ్యాయి. అలా బతికిన పిల్లలు ఇవాళ ఇంటర్, డిగ్రీ చదువుతున్నారు. దేశంలో సుమారు 25 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. ఈశాన్య రాష్ట్రాల తర్వాత వ్యాప్తి ఎక్కువగా ఉన్నవాటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. కాబట్టి ఇది మన ఇళ్ల సమస్య కూడా.

ఈ పిల్లలకు మందు దొరికింది. దొరకనిది నిజం. 'రక్తం తక్కువగా ఉంది', 'ఊపిరితిత్తుల్లో నిమ్ము', 'బలానికి బిళ్ల' అంటూ పెద్దలు ఏళ్ల తరబడి దాటవేస్తారు. అది ప్రేమ లేక కాదు. బిడ్డ బయట చెప్పేస్తే ఊళ్లో తలెత్తుకోలేమన్న భయం. 'నాకెలా వచ్చింది?' అని అడిగితే తమ గతం విప్పాలన్న బెరుకు. తల్లిదండ్రులు పోయి అమ్మమ్మో, బాబాయో పెంచుతుంటే ఆ మాట ఎవరు చెప్పాలన్నదే తేలదు.

అయినా పిల్లలకు తెలిసిపోతుంది. ఏఆర్‌టీ కేంద్రం గోడమీది పోస్టరో, మందు డబ్బా మీది పేరును ఫోన్‌లో వెతకడమో చాలు. అలా తెలిస్తే జబ్బు కంటే అబద్ధమే ఎక్కువ బాధిస్తుంది. కొందరు కోపంతో మందులు మానేస్తారు. హాస్టల్లో ఉండేవారు 'ఏం బిళ్లలివి?' అన్న ప్రశ్నకు భయపడి మోతాదులు వదిలేస్తారు. అప్పుడు వైరస్ పెరుగుతుంది, మందులకు లొంగకుండానూ పోవచ్చు. అంటే మనసులోని దిగులు నేరుగా రక్త పరీక్షలో కనిపిస్తుంది.

బడి వయసు పిల్లలకు వారి స్థితిని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే సూచించింది. ఒక్కసారిగా కాదు. ముందు 'ఒంట్లో ఒక క్రిమి ఉంది, ఈ బిళ్ల దాన్ని అదుపులో పెడుతుంది' అని, తర్వాత వయసును బట్టి జబ్బు పేరుతో సహా చెప్పాలి.

మన చట్టంలో ఒక విచిత్రం ఉంది. 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ/ఎయిడ్స్ చట్టం ప్రకారం, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాన్ని నడుపుతున్న 12 ఏళ్లు నిండిన పరిపక్వత గల పిల్లలు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు సంరక్షకులుగా ఉండవచ్చు. బడిలో చేర్పించవచ్చు, చికిత్స చూసుకోవచ్చు. ఇల్లు నడపగలరని చట్టం నమ్మిన వయసులో, తన జబ్బు పేరు తెలుసుకోగలరని మనమెందుకు నమ్మం? బడిలో, ఉద్యోగంలో వివక్షను అదే చట్టం నిషేధించింది. కానీ ఫిర్యాదు చేయాలంటే స్థితి బయటపెట్టాలన్న భయంతో చాలామంది నోరు మెదపరు.

ప్రేమ, పెళ్లి దగ్గరకొచ్చేసరికి మౌనం మరింత చిక్కనవుతుంది. మందులు క్రమంగా వాడి వైరస్‌ను పరీక్షకు చిక్కనంత తక్కువ స్థాయిలో ఉంచుకుంటే లైంగికంగా భాగస్వామికి సోకదు. భవిష్యత్తు లేదనుకునే పిల్లలకు ఇంతకంటే ధైర్యమిచ్చే మాట లేదు. అది వారి చెవిన పడాలి కదా!

జింబాబ్వేలోని 'జ్వాందిరి' కార్యక్రమం ఒక దారి చూపింది. అక్కడ హెచ్‌ఐవీతో పెరిగిన యువతే శిక్షణ పొంది తోటి పిల్లల ఇళ్లకు వెళ్తారు. ఇలా తోడు దొరికినవారిలో వైరస్ అదుపు మెరుగుపడిందని అధ్యయనంలో తేలింది. మన ఏఆర్‌టీ కేంద్రాల్లోనూ టీనేజర్లకు సెలవు రోజున విడిగా సమయం, అదే అనుభవమున్న ఓ అక్కో అన్నో పక్కన ఉండటం అసాధ్యమేమీ కాదు. అప్పటిదాకా సందేహాలకు 1097 టోల్‌ఫ్రీ నంబరు ఉంది. మొదటి మాట మాత్రం ఇంట్లోనే మొదలవ్వాలి.